స్టాండ్‌బై సార్

స్టాండ్‌బై సార్ పోయారని కడప నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కర్నూల్లో ఆఫీసుకు వెళ్లే బస్సులో ఉన్నాను. ఫోన్ చేసినాయన కడప విమానాశ్రయంలో ఒకప్పుడు నాతో పనిచేసిన, సామాన్లు ఎక్కించే లోడరు. "అమ్మా, మన సార్ ల్యాడంట. ఢిల్లీలో, రూములోనే. డ్యూటీ దిగొచ్చి యూనిఫాం గూడా ఇప్పకుండా పండుకున్యాడంట, మళ్లా లేయలేదంట. రేపు కమలాపురంలో పూడుస్తారు" అన్నాడు. నేను దిగాల్సిన చోటు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, ఎటు నడవాలో తోచక కాసేపు రోడ్డు పక్కనే నిలబడ్డాను.

ఆయనకు పేరుంది. నాలుగేళ్లపాటు వారానికి ఒకసారైనా ఆ పేరు కంప్యూటర్లో కొట్టినదాన్ని, నాకు తెలియక కాదు. కానీ మా చెక్-ఇన్ కౌంటర్లో ఎవరమూ ఆయన్ను పేరుతో అనుకోలేదు. ఆయన మా కంపెనీలోనే పైలట్. పెద్ద విమానాలకు కెప్టెన్. డ్యూటీ ఢిల్లీలో, ఇల్లు కడప పక్కన కమలాపురంలో. సెలవు దొరికిన రెండు రోజులకూ ఇంటికి రావడానికి, తిరిగి డ్యూటీకి పోవడానికి, కంపెనీ తన ఉద్యోగులకిచ్చే టికెట్టు వాడేవారు. దాన్ని స్టాండ్‌బై అంటారు. టికెట్టు కొన్నవాళ్లంతా అయిపోయి, కౌంటరు మూసే వేళకు సీటు మిగిలితేనే దానికి విలువ. మిగలకపోతే అది ఉత్త కాగితం. కడప నుంచి హైదరాబాదుకు ఒక సీటు, అక్కడి నుంచి ఢిల్లీకి మరో సీటు, రెండూ ఇలాగే దొరకాలి. నూట ఎనభై మందిని ఆకాశంలో మోసుకుపోయే మనిషి, మా డెబ్బై సీట్ల చిన్న విమానంలో ఒక్క చోటు కోసం కౌంటరు పక్కన నిలబడి ఉండేవారు.

కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు. "కూచుంటే నన్ను మర్సిపోతావు పాపా" అనేవారు. యూనిఫాం మీద ఎప్పుడూ ఒక పాత నీలం స్వెట్టరు. మే నెలలో కూడా అదే. ఎందుకు సార్ ఈ ఉడుకులో అని అడిగితే, "భుజాల మీద పట్టీలు చూసినారనుకో, పైలటే ఈడ నిలబడుకోనుండాడే, మనల్ని ఎవురు తోలుకపోతారు అని జనాలు భయపడతారు" అన్నారు.

సీట్లున్నాయా అని నోటితో అడిగేవారు కాదు. లైన్లో ఉన్న ప్రయాణికుల తలల మీదుగా కనుబొమలెత్తేవారు. నేను బల్ల మీద వేళ్లు పెట్టేదాన్ని. రెండు వేళ్లయితే రెండు ఖాళీలు. పిడికిలి బిగిస్తే విమానం నిండిపోయినట్టు. నేను ఏం చూపించినా ఆయన జవాబు ఒకటే. "మంచిది పాపా."

మామూలు టికెట్టు కొనుక్కోవచ్చు కదా అని మొదట్లో నాకూ అనిపించింది. కొనేవారు కూడా. కానీ పైలట్ల డ్యూటీలు ఎప్పుడు మారతాయో వాళ్లకే తెలియదు. రేపటిది ఎల్లుండికి జరిగితే కొన్న టికెట్టు పోతుంది. పైగా మా విమానం నిండిన రోజున కొందామన్నా ఏముంటుంది? ఇల్లు ఢిల్లీకి మార్చుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. అంతకుముందు ఆయన పనిచేసిన కంపెనీ మూతపడిందట. దాన్ని నమ్ముకుని మూడు ఊర్లు సంసారం మోసుకు తిరిగారట. అప్పుడు ఆయన భార్య పరీక్ష రాసి కమలాపురం దగ్గర ప్రభుత్వ బడిలో టీచరుద్యోగం తెచ్చుకున్నారు. "ఇంట్లో ఒకరు గాల్లో ఉంటే చాలు, ఒకరన్నా నేల మీద ఉండాల అనింది మా టీచరమ్మ" అన్నారు. భార్యను ఎప్పుడూ టీచరమ్మ అనే చెప్పేవారు. హైదరాబాదుకు బదిలీ అడిగి, నేను చూసిన నాలుగేళ్లూ ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఒక మే నెల మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. ఆరు సీట్లు ఖాళీ. నేను ఐదు వేళ్లూ బల్ల మీద పరిచేశాను. తీరా చూస్తే పైలట్ల దగ్గర నుంచి స్టాఫ్ టికెట్టు వాళ్లను ఎవరినీ ఎక్కించవద్దని కబురు. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది, చిన్న విమానం నిండు బరువుతో లేవలేదు. ఎదురుగా ఆరు సీట్లు ఖాళీగా పోతుంటే ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆయన బరువుల లెక్క రాసిన కాగితం చూపించమన్నారు. వేలితో ఒక్కొక్క గీతా చూసి, "కరెక్టే పాపా. ఆ సీట్లో నేనున్నా ఇదే చెప్తా. ఈ ఎండకు నన్ను ఎక్కించుకోగూడదు" అన్నారు. కాగితం తిరిగిస్తూ, "బ్యాగు ఈడ్నే పెట్టి పోతే?" అన్నారు. ఆ బ్యాగు ఎనిమిది కిలోలు కూడా ఉండదు. ఆయనకు తెలియని లెక్కా? అడిగిన తర్వాత తనకే సిగ్గేసినట్టుంది, నవ్వారు. కారు మాట్లాడుకుని తిరుపతికి పోయారు, అక్కడా సీటు దొరక్క చెన్నైకి పోయారు. ఆ రోజు నుంచి బ్యాగు తేవడం మానేశారు. చేతిలో ఫైలు, జేబులో పళ్లు తోముకునే బ్రష్షు, అంతే.

ఒక్కోసారి సీట్లన్నీ నిండినా ఆయనకు చోటు దొరికేది. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనక గోడకు మడిచిపెట్టిన చిన్న సీటుంటుంది. జంప్‌సీటంటారు. ఆ విమానం కెప్టెన్ ఒప్పుకుంటే మా కంపెనీ పైలట్లు అందులో పోవచ్చు. మా చిన్న విమానాల కెప్టెన్లు చాలామంది ఆయన కంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు. వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నేను రావచ్చునా?" అని అడిగేవారు. వాళ్లలో ఒకాయన నాతో అన్నాడు: "ఆయన వెనక కూచుంటే మాకు పరీక్ష రాసినట్టుంటాది. కానీ ఒక్క మాటనడు. కమలాపురం పక్కన మలుపు తిరిగేటప్పుడు మాత్రం మా ఇద్దరి నడుమ నుంచి వంగి కిందికి చూస్తాడు."

టీచరమ్మకు రొమ్ములో గడ్డ తేలిన ఏడాది నుంచి ఆయన మారిపోయారు. కర్నూలు ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. బాగైందనుకున్న ఆరు నెలలకు జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. ఉన్న సెలవులన్నీ ఆయన ఆపరేషన్ అప్పుడే వాడేశారు. ఇప్పుడు ప్రతి సెలవు రోజూ ఆమె దగ్గరుండాలి, ప్రతి డ్యూటీకీ వేళకు అందుకోవాలి. ఆ పాత స్వెట్టరు కింద మనిషి సగమైపోయారు. ఇదివరకు కనుబొమలు ఒక్కసారి ఎత్తేవారు. ఇప్పుడు రెండు నిమిషాలకోసారి. వేళ్లు చూపించీ చూపించీ నా చేయి బల్ల మీదే ఉండిపోయేది.

ఒక ఆదివారం ఆమెను చూడ్డానికి వాళ్లింటికి వెళ్లాను. మంచం ఉక్కగా ఉందని ఆమె కింద, ఉత్త బండల మీద పడుకుని ఉంది. కూతురు, పదో తరగతి, గడప దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

"మీది యాడ పాపా?" అన్నారు ఆమె.

"బేతంచెర్ల, టీచర్."

"అట్లయితే మీ ఊరి మీదనే పండుకోనుండా నేను" అని అరచేత్తో నేలకు పరిచిన బేతంచెర్ల బండను తట్టి నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. అది తగ్గాక, "విమానం నిండినాదంటే ఆయనకు ఏడుపు. నాకు పండగ" అన్నారు. "ఈడికి విమానం సద్దు ఇనిపిస్తాది. సద్దు పోయినాక ముప్పావుగంట చూస్తా. గేటు కిర్రుమనిందంటే, ఆ పిల్ల పిడికిలి చూపించినట్టుంది అనుకుంటా. నువ్వేనా ఆ పిల్ల?"

అవునన్నాను. ఆమె నా చేయి తీసుకుని చూశారు.

సీటు దొరక్క ఆయన డ్యూటీకి రెండుసార్లు అందలేదు. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇల్లెక్కడున్నా డ్యూటీకి చేరుకునే బాధ్యత పైలట్‌దే, మూడోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని. ఆమె మందులు, ఇంట్లో పెట్టిన ఆక్సిజన్, అన్నీ ఆ ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్సు మీదే నడుస్తున్నాయి.

ఆ రోజు ఆయన ఎప్పటికంటే ముందే వచ్చారు. స్వెట్టరు లేదు. భుజాల మీద పట్టీలు కనిపిస్తూనే ఉన్నాయి. లైన్లో మనుషులున్నా నేరుగా కౌంటరు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"పొద్దున్నుంచి ఊపిరి వేరేగా తీసుకుంటాంది పాపా. డాక్టరొచ్చి చూసినాడు. రెండ్రోజులంటాడు, మూడంటాడు. యాదీ గట్టిగా చెప్పడు."

"పోవద్దు సార్. ఫోన్ చేసి చెప్పండి."

"చేసినా. మనుషులు తక్కువుండారు, రమ్మన్నారు."

"మనసు బాగలేదని రాసివ్వకూడదా?"

"రాసిస్తే మెడికల్ సర్టిఫికెట్టు ఆపుతారు. మళ్లా విమానం ఎక్కిచ్చేదానికి ఎన్ని నెలలో. అన్నాళ్లు ఇన్సూరెన్సు ఆగితే ఆ ఆక్సిజన్ ఎట్ల?"

"ఇట్లా పోయి ఎట్ల నడుపుతారు సార్?"

"నడిపేటప్పుడు అదొక్కటే పని. మిగతావన్నీ దిగినాకనే" అన్నారు. అది ఆయన ఎప్పుడూ చెప్పే మాటే.

ఆయన్ను పక్కకు నిలబెట్టి మిగతా ప్రయాణికులను పంపించాను. విమానం నిండా టికెట్లు అమ్ముడుపోయాయి. కౌంటరు మూసే సమయమైంది. ఒక ప్రయాణికుడు రాలేదు. స్టాండ్‌బై జాబితాలో ఒక్క పేరే ఉంది.

ఆయన మళ్లీ దగ్గరికొచ్చారు. రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టారు. చాలా చిన్నగా, నాకు మాత్రమే వినిపించేలా, "పాపా, లేదని చెప్పు" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"సీటు లేదని చెప్పు. నేను ఇంటికి పోతా. ఉద్యోగం పోతే పోనీ. సీటుండి పోకుండా ఉండే ధైర్యం నాకు లేదు పాపా. నా అంతట నేను వెనక్కి తిరగలేను, కాళ్లు రావు. నువ్వు లేదను."

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కాంట్రాక్టు ఉద్యోగం. రాని ప్రయాణికుడి సీటు ఎవరికిచ్చామో, ఎందుకివ్వలేదో కంప్యూటర్లో పడుతుంది. ఆ భయం ఒకటి. నేను అబద్ధం చెప్పి ఈయన ఉద్యోగం పోతే, రేపు ఆక్సిజన్ ఆగిపోతే నాదే కదా పాపం అన్న భయం ఇంకొకటి. డాక్టరు రెండు రోజులన్నాడు కదా, రేపు సాయంత్రానికి తిరిగొచ్చేస్తారులే అని కూడా అనుకున్నాను. ఇవన్నీ ఇప్పుడు విడివిడిగా రాస్తున్నాను. అప్పుడు అన్నీ ఒక్కసారే వచ్చాయి.

"ఒకటి ఉండాది సార్" అన్నాను.

"మంచిది పాపా" అన్నారు.

బోర్డింగ్ పాస్ ప్రింటయింది. నా చేతిలో నుంచి అది తీసుకోవడమూ సెక్యూరిటీ వైపు తిరగడమూ ఒక్కటే అయింది. వెనక్కి చూడలేదు. పరుగులాంటి నడకతో పోయారు, డ్యూటీకి ఆలస్యమైన ఏ మనిషైనా పోయినట్టే.

విమానం హైదరాబాదులో దిగేలోపే ఆమె పోయారు. దిగి ఫోన్ తెరిస్తే కూతురి నుంచి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయట. ఆ రోజుకు మళ్లీ కడపకు విమానం లేదు. కారులో వచ్చారు. కంపెనీ పది రోజులు సెలవిచ్చింది. ఈసారి అడగకుండానే ఇచ్చింది.

తర్వాత నాకు పెళ్లయింది. కర్నూలు వచ్చేశాను, ఇక్కడే ఒక ఆఫీసులో చేరాను. రెండేళ్లకు ఒక ఆదివారం పొద్దున కాలేజీ ఆడపిల్లల హాస్టలు గేటు ముందు ఆయన కనిపించారు. మామూలు చొక్కా వేసుకున్నారు. చేతిలో చీనీకాయల సంచి. కూతురు అందులో ఉండి చదువుకుంటోందట. హైదరాబాదు దాకా విమానంలో, అక్కడి నుంచి బస్సులో వచ్చారట.

"లోపలికి చీటీ పంపినా. దిగొస్తాదో రాదో చూడాల" అన్నారు.

"ఎంతసేపయింది సార్?"

"ఇప్పుడే."

వాచ్‌మన్ నా వైపు చూసి, "ఏడింటికొచ్చినాడమ్మా. సెలవున్నెప్పుడల్లా వస్తాడు. ఆ పాప రాదు. ఆ కాయలు ఈడ ఇచ్చి పోతాడు" అన్నాడు. అప్పుడు టైము పదకొండు దాటింది.

అమ్మను పూడ్చిన రోజు నుంచి కూతురు ఆయనతో మాట్లాడటం లేదట. అవసరమైతే కాగితం మీద రాసి బల్ల మీద పెట్టేదట. హాస్టల్లో చేరాక ఆ కాగితం కూడా లేదు.

"నేను పోయి చెప్తా సార్, ఆ రోజు మీరు నన్నేమడిగినారో" అన్నాను.

"వద్దు పాపా" అన్నారు వెంటనే. "అది చెప్తే దాని ముందర నేను ఇంకా చిన్నోణ్ణవుతా."

నేను వినలేదు. మరుసటి వారం ఒక్కదాన్నే వెళ్లాను. నన్ను గుర్తుపట్టింది ఆ పిల్ల. వచ్చిన వాళ్లను కూర్చోబెట్టే గదిలో ఎదురుగా కూర్చుని మొత్తం విన్నది. విన్నాక చాలా మామూలుగా అడిగింది.

"నువ్వు లేదంటేనే ఇంటికొస్తాడా అక్కా? ఎవురో ఒకరు చెప్తేనే అమ్మ దగ్గరికొస్తాడా?"

నా జవాబు కోసం ఆగకుండా తనే మళ్లీ అంది.

"అమ్మ విమానం సద్దు ఇనింది. ఇని, తల గేటు తట్టు తిప్పింది. ముప్పావుగంట గాదు, ఇరవై నిమిషాలు. అట్లనే చూసుకుంటా పోయింది. నేను గేటు తీసి మూసినా అక్కా, సద్దు వస్తాదని. ఆయనొచ్చినాడనుకుంటాదని. అమ్మకు తెలిసిపోయింది, ఆ అడుగులు ఆయనవి గాదని."

అలా చెప్పి పైకి వెళ్లిపోయింది. నేను ఆయనకు సాయం చేయబోయి, ఉన్న కాస్తా చెడగొట్టి వచ్చాను. రెండు రోజుల తర్వాత ఆయన ఫోన్ చేశారు. "పోయినావంట గదా" అన్నారు. తప్పయింది సార్ అన్నాను. ఫోన్లో వెనకాల విమానాల ప్రకటనలు వినిపిస్తున్నాయి, ఎక్కడో సీటు కోసం నిలబడి ఉన్నట్టున్నారు. "మంచిది పాపా" అని పెట్టేశారు. నేను ఆయన గొంతు వినడం అదే చివరిసారి.

కమలాపురం చర్చి వెనక శ్మశానంలో, టీచరమ్మ పక్కనే గుంత తవ్వారు. గట్టినేల. గడ్డపారతో పొడిస్తే గాని మట్టి లేవలేదని తవ్వినవాళ్లు అనుకుంటున్నారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. బంధువులు, టీచరమ్మ బడి వాళ్లు, హైదరాబాదు నుంచి కారులో వచ్చిన ఇద్దరు కుర్ర పైలట్లు. కూతురు కళ్లు పొడిగా ఉన్నాయి. అందరితోపాటు పిడికెడు మట్టి వేసి, చేతులు దులుపుకుని పక్కకు నిలబడింది. ఎవరైనా దగ్గరికి పోతే ఒక అడుగు వెనక్కి వేస్తోంది.

జనం పలచబడ్డాక తనే నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఒకటి అడుగుతా. నిజం చెప్పాల."

"అడుగు."

"ఆ పొద్దు నువ్వు సీటుండాదని చెప్పినాక, మా నాయన ఎంతసేపు నిలబడుకున్యాడు?"

నా చేతిలో నుంచి కాగితం తీసుకుని తిరిగిన ఆయన వీపు నా కళ్ల ముందుంది.

"శానాసేపు" అన్నాను.

"శానాసేపంటే?"

"మైకులో రెండుసార్లు పిలిచినారు. కదల్లేదు. నేను పోను పాపా, ఇంటికి పోతా అన్యాడు. బయటి గేటు దాకా తిరిగినాడు గూడా. నేనే అడ్డం పోయినా. ఉద్యోగం పోతాది, పోండి సార్ అని నేనే చెయ్యి పట్టుకుని లోపలికి నూకినా."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"నూకినావా?" అంది.

"ఊఁ."

"ఎందుకు నూకినావు?"

మళ్లీ తనే, "వస్తాంటే ఎందుకు నూకినావక్కా? ఇంటికొస్తాంటే మా నాయన్ను ఎందుకు నూకినావు?" అని అరిచింది. రెండు చేతులతో నా భుజాల మీద, రొమ్ము మీద కొట్టడం మొదలుపెట్టింది. బంధువులెవరో పరుగెత్తుకొస్తే వద్దని చేయి అడ్డం పెట్టాను. కొడుతూ కొడుతూ ఏడ్చింది. నాయనా నాయనా అని ఏడ్చింది. నేను కొట్టించుకుంటూ నిలబడ్డాను.